మాచర్ల రైలుకీ నాగార్జునకొండ బోటుకీ ముడి వేయండి

రైల్వే, భారత పురావస్తు సర్వేక్షణ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పర్యాటక శాఖల అధికారులకు,

నమస్కారం.

రేపల్లె వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టారిని. డిసెంబరులో రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చేలా చూసుకుని తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని అమరావతి స్తూపానికీ, నాగార్జునసాగర్ జలాశయం మధ్యలో ఉన్న నాగార్జునకొండకీ రైల్లో తీసుకెళ్దామని ప్లాన్ వేస్తున్నాను. మీ అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. విడివిడిగా అడిగితే ఎవరి జవాబు వారిది కరెక్టే. రైలు టైము రైల్వే చెప్తుంది, మ్యూజియం ఎప్పుడు తీస్తారో పురావస్తువాళ్లు చెప్తారు, బోటు సంగతి టూరిజం వాళ్లకు తెలుసు. ఈ మూడూ కలిపితే పొద్దున బయల్దేరిన పిల్లలు ఏ రాత్రికి ఇల్లు చేరతారో చెప్పగలిగినవాళ్లు మాత్రం ఎక్కడా దొరకడం లేదు.

బస్సు మాట్లాడుకోవచ్చు కదా అంటారు. మాట్లాడుకోవచ్చు, పిల్లల తల్లిదండ్రులు ఆ డబ్బు పెట్టుకోగలిగితే. మా పిల్లల్లో ఎక్కువమంది కౌలు రైతుల, కూలీల ఇళ్ల నుంచి వస్తారు. రైల్వేలో ఒక మంచి రాయితీ ఉంది, చాలామంది టీచర్లకే తెలియదు: గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏడాదికోసారి విజ్ఞాన యాత్రకు వెళ్తే రెండో తరగతి చార్జీలో 75 శాతం తగ్గిస్తారు. పురావస్తు శాఖ టికెట్ 15 ఏళ్ల లోపు పిల్లలకు లేనే లేదు. అంటే చదువుకునే పిల్లలు చరిత్ర చూడాలని ప్రభుత్వం ఇప్పటికే రెండు చోట్ల తలుపు తెరిచి పెట్టింది. ఖర్చు, టెన్షన్ అంతా స్టేషన్ నుంచి స్తూపం దాకా ఉన్న ఆ కాస్త దూరంలోనే.

ముందు మా ఊరి పక్కనుంచే మొదలుపెడతాను. తెనాలి–రేపల్లె లైన్లో భట్టిప్రోలు స్టేషన్ ఉంది. అక్కడి విక్రమార్క కోట దిబ్బ కింద బౌద్ధ స్తూపం ఉందని 19వ శతాబ్దిలో బయటపడింది. అప్పటికే దాని ఇటుకలు, రాళ్లు రోడ్లకీ కాలువ పనులకీ వాడేశారు. మిగిలినదాన్ని 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే తవ్విస్తే రాతి పేటికలు దొరికాయి, వాటిమీద బ్రాహ్మీ అక్షరాలు. మన తెలుగు లిపి పుట్టుక గురించి రాసేవాళ్లెవరైనా ఆ అక్షరాల దగ్గర ఆగకుండా ముందుకు పోరు. అక్కడ దొరికిన బుద్ధ ధాతువు, అంటే బుద్ధుడి అవశేషం, 1920లో కలకత్తాలోని ధర్మరాజిక విహారానికి చేరింది. ఇంత కథ ఉన్న స్టేషన్లో రోజూ దిగి ఎక్కే పిల్లలకు ఆ కథ తెలియకపోతే తప్పు పిల్లలది కాదు. ప్లాట్‌ఫామ్ మీద నాలుగు వాక్యాలు, ఒక బాణం గుర్తు, దూరం ఎంతో ఒక అంకె రాస్తే చాలు. దీనికి టెండర్ కూడా అక్కర్లేదేమో!

ఇక అమరావతి. గుంటూరులో రైలు దిగితే స్తూపం 35 కిలోమీటర్లు, బస్సులు ఉన్నాయి, కాబట్టి ఇది పెద్ద చిక్కు కాదు. చిక్కు చూపించేదాంట్లో ఉంది. బ్రిటిష్ సర్వేయరు కోలిన్ మెకంజీ 1797లో మొదటిసారి వచ్చినప్పుడే జమీందారు మనుషులు దిబ్బను తవ్వి రాళ్లు పట్టుకుపోతున్నారు. తర్వాత 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు వెళ్లాయి, వాటిలో చాలా భాగం అక్కడినుంచి లండన్ ఓడ ఎక్కాయి. కొన్ని ఫలకలను సున్నం కోసం కాల్చేశారు కూడా. ఇప్పుడు ఊళ్లో మిగిలింది గుండ్రటి దిబ్బ, దాని చుట్టూ మొండి పలకలు, పక్కన ఒక మ్యూజియం. శిల్పాలు చూడాలంటే చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియంకో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకో వెళ్లాలి.

చెన్నైలో ఉన్న ఒక గుండ్రటి ఫలక గురించి క్లాసులో ఎప్పుడూ చెప్తుంటాను. నాలాగిరి అనే ఏనుగు మదమెక్కి వీధిలో మనుషుల్ని తొక్కేస్తోంది. అదే ఫలకలో, పక్కనే, అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంది. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. వీధిలో ఏదైనా గొడవ జరిగితే మనం బాల్కనీలోకి వచ్చి చూసినట్టే. పాలరాయిలా కనిపించే పల్నాటి సున్నపురాయిని, ఒక పళ్లెమంత జాగాలో, ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ ఒకేసారి కనిపించేలా చెక్కిన ఆ శిల్పి మన వాడని పిల్లలకు చెప్పి, చూపించడానికి ఫొటో తప్ప ఇంకేం లేదు నా దగ్గర.

ఇందులో విచిత్రం ఏమిటంటే, రైలు దిగి నడిచి వెళ్లగలిగే అమరావతి చెన్నైలోనే ఉంది. తెనాలి మీదుగా పోయే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎగ్మోర్ వెళ్తుంది, మ్యూజియం అక్కడికి దగ్గరే. ఇక మనకున్న అమరావతి ఎక్స్‌ప్రెస్ అమరావతికి పోదు, నరసాపురం నుంచి హుబ్బళ్లి పోతుంది. అమరావతిలో స్టేషనే లేనప్పుడు పాపం అది మాత్రం ఏం చేస్తుంది? శిల్పాలు తిరిగి తెప్పించమని మీకు రాయడం లేదు, అది మీ చేతుల్లో ఉన్న పని కాదు. కానీ అమరావతి మ్యూజియంలో ఒక గోడ మీద, ఈ స్తూపం ముక్కలు ఎక్కడెక్కడ ఏవేవి ఉన్నాయో బొమ్మలతో సహా తెలుగులో పెట్టొచ్చు. దిబ్బ చుట్టూ నడుస్తున్నప్పుడు, ఈ చోట ఉండాల్సిన రాయి ఇప్పుడు ఎగ్మోర్‌లో ఉంది అని పిల్లవాడికి వేలు పెట్టి చూపగలిగితే, ఆ దిబ్బ దిబ్బలా కనిపించదు.

ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల కొత్త లైను కేంద్ర మంత్రివర్గం 2024 అక్టోబరులో ఆమోదించింది. అప్పటి ప్రకటనలో అమరావతి స్తూపం, ఉండవల్లి గుహలు, అమరలింగేశ్వర ఆలయం పేర్లు చెప్పి మరీ సౌకర్యం కలుగుతుందన్నారు. సంతోషం. రాజధాని వేరు, స్తూపం ఉన్న పాత అమరావతి ఊరు వేరు. రెండింటికీ మధ్య దూరం ఉంది. బయటి నుంచి వచ్చేవాళ్లు ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. స్టేషన్ ప్లాన్ గీసేటప్పుడే అక్కడినుంచి స్తూపానికి బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా గీయండి. బిల్డింగ్ కట్టేశాక బస్సు గురించి ఆలోచిస్తే ఆటోవాళ్లే ఆ పని చేసిపెడతారు, వాళ్ల రేటుకి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాగార్జునకొండ.

గుంటూరులో మాచర్ల రైలు ఎక్కితే సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల, రెంటచింతల మీదుగా వెళ్తుంది. ఈ లైను నాకు చాలా ఇష్టం. సగం పాఠం కిటికీలోంచే చెప్పేయొచ్చు. పిడుగురాళ్లలో సున్నం బట్టీలు చూపించి, అమరావతి బుద్ధుడూ ఈ రాయే, మన ఇంటి గోడకు వేసే సున్నమూ ఈ రాయే అంటే ఇక పుస్తకం తెరవక్కర్లేదు. (వేసవిలో మాత్రం ఈ యాత్ర పెట్టుకోకూడదు. రెంటచింతల ఎండ సంగతి వాతావరణ శాఖను అడిగితే చెప్తుంది.) మాచర్లలో దిగాక విజయపురి సౌత్ రేవు దాకా పాతిక కిలోమీటర్ల రోడ్డు. అక్కడ బోటు ఎక్కి జలాశయంలో ప్రయాణం చేస్తే కొండ మీది మ్యూజియం వస్తుంది.

కాగితం మీద చూస్తే ఇందులో ఏ ముక్కా తప్పు లేదు. కానీ ముక్కలు అతకవు. రైలు దిగిన టైముకు విజయపురికి బస్సు ఉంటుందా? బోటు టైముకే కదులుతుందా, మనుషులు నిండాకే కదులుతుందా? రెండు రకాలుగానూ చెప్పినవాళ్లు ఉన్నారు నాకు, ఇద్దరూ గట్టిగానే చెప్పారు. గాలి ఎక్కువైతేనో నీటిమట్టం సరిపోకపోతేనో ఆ రోజు బోటు ఆపేస్తే ఆ మాట మాచర్ల స్టేషన్లో తెలుస్తుందా, లేక పిల్లలందరినీ రేవు దాకా తీసుకెళ్లాకే తెలుస్తుందా? తిరుగు రైలు అందుకోవాలంటే కొండ మీద ఎంతసేపు ఉండొచ్చు? ఒక ఆఫీసుకు ఫోన్ చేసి అడిగితే, ఏ ఆఫీసో చెప్పను, ‘మీరు వచ్చి కనుక్కోండి సార్’ అన్నారు. వచ్చాక కనుక్కునేదాన్ని ప్లాన్ అనరు కదండీ.

బోటు ఆపడం తప్పని నేను అనడం లేదు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన ఘోరం తర్వాత పిల్లల్ని బోటెక్కించే ఏ మాస్టారైనా ముందు లైఫ్ జాకెట్లు లెక్కపెడతాడు. వద్దనుకున్న రోజు నిక్షేపంగా ఆపండి. ఆపిన సంగతి పొద్దున్నే చెప్పండి, అంతే. అప్పుడు మేం అనుపు వెళ్తాం. అక్కడ ఒడ్డునే తిరిగి నిలబెట్టిన విహారాలు, మెట్ల వరుసలతో ఉన్న ఆ క్రీడాస్థలం చూసి వచ్చినా పిల్లలకు రోజు వృథా కాదు.

ఈ కట్టడాలు అక్కడ ఎలా ఉన్నాయో మీకు గుర్తుచేయాల్సిన పని లేదు, అయినా చేస్తాను, ఎందుకంటే నా వాదనంతా దానిమీదే నిలబడింది. 1926లో శాసనాల పని మీద తిరుగుతున్న ఎ. రంగస్వామి సరస్వతి కృష్ణ ఒడ్డున ఆ లోయను కనుక్కున్నారు. పురావస్తు శాఖ తరఫున లాంగ్‌హర్స్ట్ తవ్వారు, తర్వాత టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. శాతవాహనుల తర్వాత ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడ బయటపడింది. అక్కడి పెద్ద స్తూపం మహాచైత్యానికి డబ్బు పెట్టింది రాజు కాదు, రాజు సోదరి చాంతిసిరి అని స్తంభాల మీద రాసి ఉంది. ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో ఆడపిల్లలు తలెత్తి చూస్తారు. సింహళం నుంచి వచ్చే భిక్షువులకు వేరే విహారం ఉండేది, బౌద్ధుల దేవత హారీతి గుడి ఉండేది, అశ్వమేధం చేసిన రాజు స్నానం చేసిన కొలను ఉండేది. అంతలో నాగార్జునసాగర్ వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని ముందే తెలుసు. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను ఊడదీసి, రాయికి రాయి కొండమీదికీ అనుపుకూ చేర్చి మళ్లీ కట్టారు. కొండ మీద మ్యూజియం కట్టారు. మిగిలిన లోయ నీళ్లలోకి పోయింది.

అంటే ఆ రోజుల్లో డ్యామ్ కట్టే శాఖా, చరిత్ర కాపాడే శాఖా ఒకే క్యాలెండర్ ముందు కూర్చుని, నీళ్లు ఎప్పుడు వస్తాయి, రాళ్లు ఎప్పటికి పైకి ఎక్కాలి అని లెక్క వేసుకున్నాయి. అప్పుడు వాట్సాప్ లేదు, ఈ-ఆఫీస్ లేదు. ఒక రాజధానిని కొండ మీదికి ఎక్కించిన వ్యవస్థకు ఇవాళ ఒక రైలు టైమునీ ఒక బోటు టైమునీ పక్కపక్కన ఒక కాగితం మీద రాయడం అంత కష్టమా?

నాకు ఈ విషయంలో ప్రత్యేక రైళ్ల మీద పెద్ద నమ్మకం లేదు. ఉత్తరాదిలో బుద్ధగయ, సారనాథ్, కుశీనగర్ చుట్టి వచ్చే మహాపరినిర్వాణ ఎక్స్‌ప్రెస్ ఉంది, మంచిదే, విదేశీ యాత్రికులకు పనికొస్తుంది. మనకూ అలాంటిది ఒకటి వేసి, పూలదండలు కట్టి, జెండా ఊపి, నాలుగు ట్రిప్పుల తర్వాత మానేస్తే మా పిల్లలకు ఒరిగేదేమీ లేదు. మాకు రోజూ తిరిగే మామూలు పాసింజరే చాలు. ట్రాక్ పనులని దాన్ని రద్దు చేయాల్సి వస్తే, ముఖ్యంగా శని, ఆదివారాల్లో, గ్రూపుగా టికెట్ తీసుకున్న స్కూలుకు ముందురోజే ఒక మెసేజ్ పంపండి.

ఇది జరిగే పనే. హోస్పేట చూడండి. అమరావతి ఎక్స్‌ప్రెస్ అన్నాను కదా, రాత్రి గుంటూరులో ఎక్కితే మర్నాడు అదే హోస్పేటలో దింపుతుంది. అక్కడినుంచి హంపి 13 కిలోమీటర్లు. మామూలు సిటీ బస్సులు తిరుగుతుంటాయి, ఎవరినీ బతిమాలక్కర్లేదు. కమలాపురం మ్యూజియంలో హంపి మొత్తానికి నేల మీద చేసిన నమూనా ఉంది. దాని చుట్టూ తిరిగి ఏ కొండ ఎక్కడుందో చూసుకుని బయటికి వెళ్తే దారి తప్పరు. కృష్ణదేవరాయలి రాజధానికి మా పిల్లల్ని తీసుకెళ్లడం రాష్ట్రం దాటినా సులువు, పక్క జిల్లాలోని ఇక్ష్వాకుల రాజధానికి తీసుకెళ్లడం కష్టం. ఇది నాకు మింగుడుపడడం లేదు.

మన దగ్గరే ఇంకో సులువైన చోటు అనకాపల్లి. విజయవాడ–విశాఖ మెయిన్ లైను మీద స్టేషన్, కాసేపు ఆటోలో వెళ్తే శంకరం ఊళ్లో బొజ్జన్నకొండ, లింగాలకొండ. కొండరాయినే తొలిచిన స్తూపాలు ఒకదాని పక్కన ఒకటి, వరసగా, పైదాకా. స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకం కింద అనకాపల్లి స్టేషన్‌కు కొత్త ముఖం వస్తోంది. ముఖద్వారం మీద ఏ బొమ్మ వేయాలా అని కన్సల్టెంటును పెట్టుకునే ముందు ఒకసారి ఆ కొండ ఎక్కి రండి.

శుక్రవారం గురించి కూడా ఒక మాట. పురావస్తు సర్వేక్షణ మ్యూజియంలకు అమరావతిలో, నాగార్జునకొండలో, కమలాపురంలో శుక్రవారం సెలవు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంకూ, హైదరాబాద్ సాలార్‌జంగ్‌కూ అంతే. ఈ సంగతి తెలియని ఉద్యోగి గురువారం రాత్రి రైలెక్కి, ఒక్కరోజు సెలవు పెట్టి వచ్చి మూసిన గేటుకు దండం పెట్టి వెళ్తాడు. సెలవు మార్చమని కాదు. పర్యాటక శాఖలు వేసే ప్రతి కరపత్రంలో, ప్రతి స్టేషన్ బోర్డు మీద ఆ ఒక్క మాట పెద్ద అక్షరాలతో ఉండాలి.

పని తక్కువలో తేలాలంటే నా సలహా ఇది. గుంటూరు, మాచర్ల స్టేషన్లలో ఒక్కో బోర్డు పెట్టండి. దాని మీద మాచర్ల చేరే రైలు, దానికి కలిసే విజయపురి బస్సు, ఆ బస్సుకు కలిసే బోటు, కొండ మీద ఉండే సమయం, చివరి బోటు, తిరుగు రైలు, ఇవన్నీ ఒకే వరుసలో ఉండాలి. ఉదయం బోట్లలో ఒకటి మాచర్ల రైలు చూసుకుని కదిలేదై ఉండాలి, జనం తక్కువైనా సరే. ఆర్టీసీ వాళ్లకు ఈ ఉత్తరం రాయలేదు, మీరు పిలిస్తే వాళ్లు వస్తారని నా నమ్మకం. మాచర్ల లాంటి స్టేషన్లో క్లోక్‌రూమ్ కోసం కొత్త గది కట్టక్కర్లేదు. సామాను పెట్టుకోవడానికి తాళం ఉన్న ఒక గది ఇచ్చి రసీదు రాసిస్తే సరిపోతుంది. భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా, నీళ్ల సీసాతో పిల్లలు బోటెక్కుతుంటే నా గుండె నోట్లోకి వస్తుంది.

అవతలి ఒడ్డు తెలంగాణది. అటు బుద్ధవనం ఉంది, అటునుంచీ బోట్లు ఉన్నాయి. నల్లగొండ వైపు రైలు దిగి వచ్చే స్కూళ్లకూ ఇదే ఇబ్బంది. నీళ్ల పంచాయితీ పెద్దవాళ్లు తేల్చుకుంటారు. ఏ ఒడ్డు నుంచి ఏ బోటు ఎప్పుడో రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలూ ఒకే చోట చెప్పడానికి ఏ ట్రిబ్యునలూ అడ్డం రాదు. తెలంగాణలోని బౌద్ధ క్షేత్రం ఫణిగిరిలో దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లొచ్చాయి. వాటికి పెట్టెలు, బీమా, విమానం, మనుషులు అన్నీ టైముకు కుదిరాయి. సూర్యాపేట జిల్లా పిల్లవాడు తన జిల్లాలోని ఫణిగిరికి ఎలా వెళ్లాలో కూడా అంతే శ్రద్ధగా ఎవరైనా రాసిపెట్టాలి కదా.

రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది. రాయితీ కోసం మా హెడ్మాస్టారి సంతకంతో దరఖాస్తు డివిజన్ ఆఫీసుకు వెళ్తుంది, దానికి ఎటూ సమయం పడుతుంది. తల్లిదండ్రుల దగ్గర ఒప్పుకోలు కాగితాలు తీసుకోవాలి, వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘రాత్రి ఎన్నింటికి వస్తారు మాస్టారూ?’ అని. ఆదివారం చివరి బోటుకూ మాచర్ల తిరుగు రైలుకూ మధ్య ఎంత సమయం ఉంటుందో, ఆ బోటు ఏ కారణం మీద ఆగొచ్చో, ఆగితే ఏ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తుతారో దసరా సెలవుల్లోపు తెలియజేస్తే మేం దరఖాస్తు పెట్టుకుంటాం. జవాబు మా స్కూలుకే రాయక్కర్లేదు, పత్రికా ప్రకటనగా ఇచ్చినా చాలు, మిగతా స్కూళ్లకూ పనికొస్తుంది.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
రేపల్లె ప్రాంతం